కాపడం

అన్నయ్యా,

నిన్న మన సుజాత పెళ్ళి అయిపోయింది. అబ్బాయిది కుమ్హారి, మన ఊరికి దగ్గరే. నువ్వుండి చేయాల్సిన కన్యాదానం నేనూ నీ మరదలూ చేశాం.

నా నడుము సంగతి నీకు తెలుసు కదా. ఉక్కు మిల్లులో క్రేన్ నడిపీ నడిపీ పాడైపోయింది, అన్నం కూడా కుర్చీలోనే తినేవాణ్ణి. ముహూర్తం పెట్టగానే వదిన దిగులుపడింది.

"పీటల మీద అంతసేపు కూకోగలవేటి బాబూ? కుర్చీ ఏయిద్దుం" అంది.

నేను ఒప్పుకోలేదు. మర్నాటి నుంచే వైశాలి నగర్‌లో ఫిజియోథెరపీకి వెళ్ళాను. ఈ హిందీ ఊళ్ళోనే పుట్టిన మన తెలుగు పిల్ల ఒకామె వేడినీళ్ళలో ఉంచిన సంచిని తువ్వాలులో చుట్టి నా నడుము మీద పరిచేది. కండరాలు మెత్తబడగానే లేపేది.

"అంకుల్, ఒట్టి కాపడంతో అవదు, కసరత్ భీ చెయ్యాలి" అనేది.

నువ్వుంటే, "ఫర్నేస్ పక్కన బతికినోళ్ళకి ఇంకా వేడి కావాలేట్రా?" అని నవ్వేవాడివి.

నిన్న పీటల మీదే కూర్చున్నాను, అన్నయ్యా. వంగి అల్లుడి కాళ్ళు కడిగాను. చివర్లో నడుము బాగా లాగింది కానీ, తంతు పూర్తయ్యేదాకా లేవలేదు.

ఈ ఉదయం అప్పగింతలకు ముందు సుజాత పట్టుచీరతోనే వంటింట్లోకి వెళ్ళి, రబ్బరు సంచీలో వేన్నీళ్ళు నింపి తెచ్చింది. నన్ను బోర్లా పడుకోబెట్టి నడుము మీద పెట్టింది.

"మరీ కాలిపోతందేటి చిన్నాన్నా?"

"లేదమ్మా, సరిగ్గా ఉంది."

బయట కారు హారన్ మోగుతూనే ఉంది. సంచి చల్లారేదాకా నీ కూతురు నా పక్కనుంచి కదల్లేదు.

నీ తమ్ముడు