వరుసలు కలిపిన చెయ్యి

పంతులమ్మా,

టాబ్లెట్ నిండా ఛార్జింగ్ పెట్టి నీ సంచిలో ఉంచాను. ఈరోజు పిల్లలకు చూపించేముందు నీ ఎక్కాల ఆట ఒకసారి నడిపి చూసుకో. నేరం నాదే. పైథాన్‌లో నువ్వు రాసిన ప్రోగ్రాము వరుసలు కొన్ని లోపలికి జరిగి కనిపిస్తే, ప్రెస్సులో ప్రూఫులు దిద్దే నా చెయ్యి ఊరుకోలేదు. వావీ వరుసా లేకుండా అన్నిటినీ మార్జిన్‌కు లాగేశాను. ఆట ఆగిపోయింది. ఆ ఖాళీలూ ప్రోగ్రాములో భాగమేనని నీ నోట్సు చూసి తెలుసుకుని, ఒక్కోటీ మళ్ళీ లోపలికి జరిపాను. ఇప్పుడు నడుస్తోంది, ఏడో ఎక్కంలో నన్ను ఓడించింది కూడా.

ఇరవై ఏళ్ళుగా ఊరందరి రాతలూ దిద్దాను. నేను దిద్దితే చెడిపోయిన రాత నీదొక్కటే.

తా.క.: అమ్మ పైథాన్ అన్న మాటను "పై తాను" అని విని, బీరువా పై అరలో బట్ట తాను వెతికింది. అది కోడలు చెప్పే పాఠమన్నాను. "అయితే పక్కింటివాళ్ళకీ చెప్పరా" అంది. చెప్పేశాను.