బోర్డు మీటింగ్ మా వీధిలో

జూన్ 4
రంగుల కంపెనీ కేసులో చివరి వాదనలు. వాళ్ళు కాలువలోకి వదిలే నీళ్ళ కంపు గురించి నాకెవరూ సాక్ష్యం చెప్పనక్కర్లేదు, మా ఇల్లు ఆ కాలువ వీధిలోనే. ఆ సంగతి జడ్జి మేడమ్‌కి మొదటిరోజే చెప్పేశాను. నువ్వు టైప్ చేసేది నా మాటలు, నీ మాటలు కాదు కదా అన్నారు. వెళ్ళి కీబోర్డు ముందు కూర్చున్నాను.

వీధివాళ్ళ లాయరు ఇవాళ ఫ్యాక్టరీకి తాళం వేయమన్నాడు. తమ్ముడు పనిచేసేది అక్కడే.

జూన్ 5
మూసేస్తే తమ్ముడు రోడ్డున పడతాడు. మూయకపోతే వాడి పసిపిల్ల దగ్గు ఆగదు. పోయినసారి జరిమానా వేశారు. డైరెక్టర్లకు చీమ కుట్టినట్టయినా లేదు, కార్మికులకు క్యాంటీన్ మాత్రం ఎత్తేశారు.

జూన్ 11, మధ్యాహ్నం
తీర్పు. మేడమ్ చెబుతుంటే నా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఫ్యాక్టరీ నడవాలి. ఒక్కరి ఉద్యోగమూ పోకూడదు. కాలువ బాగుపడేదాకా ప్రతినెలా బోర్డు మీటింగ్ మా వీధి స్కూల్లోనే జరగాలి. డైరెక్టర్లందరూ రావాలి. కిటికీలు తెరిచే ఉంచాలి. ఎగ్గొడితే జైలు.

ఇదీ ఒక శిక్షేనా అన్నట్టు కంపెనీ లాయరు నవ్వాడు. నెల తర్వాత మీవాళ్ళనే అడగండి అన్నారావిడ. లేచి దండం పెట్టాలనిపించింది.

జూలై 9
మొదటి మీటింగ్. కంపే లేదు! డైరెక్టర్లు నవ్వుకుంటూ కార్లెక్కారు. సాయంత్రం తమ్ముడు అసలు విషయం చెప్పాడు. నిన్నటి నుంచి రంగుల తొట్లు ఆపించారట. రేపటి నుంచి మళ్ళీ మామూలేనట. ఒళ్ళు మండిపోయింది.

జూలై 16
వీధివాళ్ళు కోర్టుకెక్కారు. మేడమ్ ఆర్డర్‌లో ఒక్క వాక్యం మార్చారు. మీటింగ్ ఎప్పుడో కంపెనీ కాదు, వీధివాళ్ళు చెప్పాలి. పొద్దున చెబితే సాయంత్రానికి హాజరు కావాలి.

ఏం బుర్ర తల్లీ ఆవిడది!

ఆగస్టు 2
పొద్దున్నే కంపు గుప్పుమంది. ఎదురింటి టైలరు బనీనుతోనే నిలబడి కంపెనీకి ఫోన్ కొట్టాడు. సాయంత్రం అందరూ దిగారు. ఛైర్మన్ ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని లాభాల లెక్క చదివాడట. ఇంకొకాయనకు వాంతి. మరదలు జాలిపడి నిమ్మకాయ ఇచ్చి వచ్చింది. నాకు జాలి రాలేదు. హాయిగా ఉంది.

సెప్టెంబరు 20
ఫ్యాక్టరీలో నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు కడుతున్నారు. ఛైర్మనే రోజూ వచ్చి మేస్త్రీల నెత్తిన కూర్చుంటున్నాడట. తమ్ముడికి డ్యూటీ అందులోనే.

జనవరి 30
తమ్ముడి పాప తెరిచిన కిటికీ పక్కనే నిద్రపోతోంది. ఈ నెల మీటింగ్ ఎప్పుడని కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తే, ఏ మీటింగని అడిగాడట టైలరు.