షారోను కాగితపు తోక

31 అక్టోబరు 1990, బుధవారం
టూవూంబా, ఆస్ట్రేలియా

మనసు కుదురుగా లేదు.

పోయిన వారం చెల్లి విజయ అడిగింది. "అక్కా, లైబ్రరీలో హాలోవీన్‌కి పిల్లలకి డైనోసార్ కథలు చదువుతారంట. షారోను వెళ్తానని ఒకటే గోల. నువ్వు సరేనంటేనే పంపుతాను."

దయ్యాల పండుగ మనకెందుకన్నాను. విజయ సరేనంది. దాని కూతురు షారోను ఏడేళ్ల పిల్ల, అప్పటికే పచ్చ కాగితాలు అతికించి డైనోసార్ తోక చేసుకుంది. దాన్ని మడిచి మంచం కింద పెట్టేసింది.

ఈ రోజు పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్లాను. పిల్లలంతా కాగితపు కొమ్ములు తగిలించుకుని కూర్చున్నారు. చీకటికి భయపడే డైనోసార్ కథ నడుస్తోంది. దయ్యం ఊసే లేదు. వద్దనే ముందు ఒక్కమాట కనుక్కోవలసింది.

ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో షారోను వంతు వచ్చింది.

"జీసస్, ప్లీజ్ డోంట్ బీ యాంగ్రీ విత్ డైనోసార్స్. దే ఆర్ నాట్ గోస్ట్స్. పెద్దమ్మ డజంట్ నో."

విజయ నవ్వు ఆపుకుంది. అందరూ ఆమెన్ అన్నారు.

తప్పు నాదేనని ఆ పిల్లకు చెప్పాలి. ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ అలా చెప్పిన గుర్తు లేదు.