లేని మేకకు కట్టిన కంచె

ఈ వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే నేను, డెబ్బై ఒకటో ఏట, సూదిలో దారం ఇప్పటికీ ఒక్కసారికే ఎక్కించగల చూపుతో, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి ఏవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా కోడలిది. ఈ ఇంట్లో మొదలుపెట్టిన పని ముగించేది ఆమె ఒక్కతే. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు, ఇక్కడ అంటున్నాను.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, కుట్టు మిషను ఉన్న వరండాతో సహా, నా కుమారుడికి సర్వహక్కులతో చెందాలి. మొదట ఇక్కడ ఒక షరతు పెట్టించాను: ఏడాదిపాటు ప్రతి ఆదివారం మా వీధి పార్కులో మొక్కల పని చేస్తేనే ఇల్లు అతనిదని. వకీలు గారు చక్కగా రాసిచ్చారు. ఆ కాగితం వారం రోజులు దిండు కింద పెట్టుకుని, షరతు కొట్టేయించాను. నలభై ఏళ్లు గడువుకు బట్టలు కుట్టిచ్చి, మాటలు కూడా పడ్డాను. ఎవరూ రమ్మనకపోయినా వెళ్లిన పని ఆ పార్కు ఒక్కటే. దాన్ని ఇంటికి బదులుగా చేయించుకుంటే వెట్టిచాకిరీ అవుతుంది.

2. బట్ట కత్తెర నా కోడలికి. దీనితో గుడ్డ తప్ప మరేదీ కత్తిరించరాదు. పార్కులో నాతోపాటు పనిచేసే రిటైర్డు బస్సు కండక్టరు గారు ఒకసారి దీనితో ముళ్లకొమ్మలు కత్తిరించి, “కత్తెర కత్తెరే కదమ్మా” అన్నారు. మూడు నెలలు ఆయనతో మాట్లాడలేదు.

3. సదరు కండక్టరు గారికి నా కొడవలి, తట్ట, నీళ్ల పైపు, ఒక నిజం. (సాక్షి సంతకం పెడతానని వచ్చారు. వీలునామాలో ఏదైనా దక్కేవాళ్లు సాక్షులుగా ఉండకూడదని వకీలు గారు పంపేశారు. తనకేం ముడుతుందోనని అప్పటినుంచీ ఆరా తీస్తున్నారు.) తొమ్మిదేళ్ల కిందట ఉయ్యాలల వెనక ఆయన నాటిన ఇరవై మొక్కలను మేక తినేసిందని అందరూ అనుకున్నారు. ఆయన కంచె కట్టారు. ఏటేటా తీగ మారుస్తున్నారు. మేక రాలేదు. కలుపు అనుకుని పీకింది నేనే. కత్తెర కోపంలో అప్పుడు నోరు విప్పలేదు, తర్వాత సిగ్గు అడ్డొచ్చింది. ఆయన మాత్రం మరుసటి వారమే కొత్త మొక్కలతో వచ్చి, “పోనీలెండి, దానికెంత ఆకలేసిందో” అన్నారు. ఆ మాట గుర్తొస్తే తల ఎత్తలేను. కండక్టరు గారూ, క్షమించండి. ఆ కంచె తీసేయండి, పిల్లల కాళ్లు గీసుకుపోతున్నాయి.

4. పార్కు కుళాయి పిడి. నీళ్లు వృథా కాకుండా దాన్ని ఊడదీసి మా వంటింటి మేకుకు తగిలిస్తాను. అది లేకపోతే కుళాయి తిరగదు. ఎండాకాలంలో రెండు వారాలు తిరగకపోతే కొత్త మొక్క ఒక్కటీ మిగలదు. కండక్టరు గారికి మోకాళ్లు సహకరించడం లేదు. ఎవరికివ్వాలో తేలక ఈ చోటు చాలా రోజులు ఖాళీగా ఉంచాను. చివరికి నా కొడుకు పేరే రాస్తున్నాను. షరతు లేదు. ఇష్టం లేకపోతే పార్కు వాచ్‌మన్‌కు ఇచ్చేయవచ్చు, నేనేమీ అనుకోను. అనుకుంటాను, కానీ నీకు వినపడదు.

5. నాన్నా, ఇది నీకు. నీ పదో ఏట జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే, మాత్ర వేసి, “నువ్వు ఓ గంట ఆగగలవు, మొక్కలు ఆగలేవు” అని వెళ్లాను. గంట కాస్తా మూడయింది. పెద్దయ్యాక నువ్వు, “జీతం లేని ఉద్యోగానికి సెలవైనా ఉండదా అమ్మా?” అన్నావు. నవ్వేసి ఊరుకున్నాను. ఆ మొక్కలు బతికాయి, వాటి నీడలో ఇప్పుడు ఎవరెవరో కూర్చుంటున్నారు. అయినా ఆ రోజు నేను నీ దగ్గర ఉండాల్సింది.

6. నా పేరుతో బల్ల వేయించవద్దు, బోర్డు పెట్టవద్దు. నన్ను సాగనంపేది ఆదివారమైతే, ముందు నీళ్లు పోసి తర్వాత నా దగ్గరికి రండి. ఈసారి ఆగేది నేను.

తేదీ: 2023 జూన్ 11, ఆదివారం, పార్కు నుంచి వచ్చాక.

(సంతకం) టైలరమ్మ

సాక్షులు:
1. వీధి చివర మందుల షాపు ఆయన
2. ఎదురింటి లెక్కల టీచరమ్మ