నెల్స్ బోసి మెడ

హాగ్ లేక్, మిన్నెసోటా
ఏప్రిల్ 15, 1996

హైస్కూలు కౌన్సెలర్ డొమినిక్ స్కాల్జో గారికి,

నమస్కారం. మీరు న్యూయార్కు నుంచి మా ఊరొచ్చి ఏడాది కూడా కాలేదు, సవాలక్ష పనులుంటాయి. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. నేను నెల్స్ క్వామ్ వాళ్ళమ్మని. చివరి ఏడాది పిల్లాడు, పొడుగ్గా ఉంటాడు, వెనక వరసలో కూర్చుంటాడు. గుర్తు రాకపోయినా పర్లేదు.

సంగతేమిటంటే, నిన్న చర్చిలో కాఫీల దగ్గర మా ఆడబిడ్డ లవాన్ సంచీలోంచి నాలుగు కుచ్చుల తాళ్ళు తీసి బల్లమీద పరిచింది. గ్రాడ్యుయేషన్ రోజున వాళ్ళమ్మాయి బ్రిట్టా గౌను మీద మెడలో వేసుకునేవట. బంగారు రంగుది, తెల్లది, ఎర్రది, పచ్చది. "ఇన్నెందుకే తల్లీ, మెడ నొప్పెడుతుంది అంటే వినదు కదా!" అని పక్క బల్లకి కూడా వినపడేలా విసుక్కుంది. నాకు చాలా సంతోషమేసింది. ఎంత సంతోషమంటే చేతిలో కాఫీ గొంతు దిగలేదు.

నాకేం కుళ్ళు లేదండీ. నెల్స్‌కీ బ్రిట్టాకీ మార్కులు ఇంచుమించు సమానం, లెక్కల్లో మావాడిదే పైచేయి. మరి వాడి మెడ బోసిగా ఎందుకుండాలో, ఆ తాళ్ళిచ్చే నియమాలేమిటో తెలుసుకుందామని రాశాను. తెలియకపోయినా కొంప మునిగేదేం లేదు. జవాబు రాయనక్కర్లేదు.

ఇట్లు,
అర్డిస్ క్వామ్

తా.క.: ఒకవేళ రాయాలనిపిస్తే, మా చిరునామా కవరు ముందూ వెనకా కూడా రాశాను.

ఇంకో తా.క.: లవాన్ తెచ్చిన కేకు మధ్యలో పచ్చిగా ఉంది. నేనెవరితోనూ అనలేదు.


ఏప్రిల్ 18

అర్డిస్ గారికి,

మీ ఉత్తరం చదివి మనసు తేలికపడింది. మేనకోడలికి నాలుగు తాళ్ళొస్తే ఇంత సంతోషించే అత్తలు మా బ్రూక్లిన్‌లో దొరకరు. జవాబు అక్కర్లేదన్నారు కాబట్టి మానేద్దామనుకున్నాను, కానీ నియమాలడిగారు కదా, ఇవిగో.

మంచి మార్కులకి బంగారు రంగు తాడు. ఊరికి సేవ చేసినందుకు తెల్లది. రక్తదానానికి ఎర్రది. వ్యవసాయ సంఘంలో పనిచేసినందుకు పచ్చది. అర్హత ఉన్నవాళ్ళని నేను పిలిచి అడుగుతాను. విద్యార్థి స్వయంగా "తీసుకుంటాను" అనాలి. మే నెల మొదటి శుక్రవారం దాకా గడువు. బడి ఇవ్వనిదేదీ ఒంటిమీద ఉండకూడదు, టోపీ మీద రాతలూ పువ్వులూ కూడదు. రిహార్సల్‌కి రానివాళ్ళు వేదిక ఎక్కకూడదు. అంతే, చాలా సులువు.

ఇంకేం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి.

భవదీయుడు,
డొమినిక్ స్కాల్జో


ఏప్రిల్ 22

స్కాల్జో గారికి,

మీరంత శ్రమ తీసుకుని రాశారు, ఎంత బాధపడ్డానో! ఈ ఉత్తరంతో పాటు గిన్నెడు బంగాళదుంపల హాట్‌డిష్, అదే ఓవెన్‌లో పెట్టి చేసే మా ఊరి వంటకం, పంపుతున్నాను. మీకోసమని చెయ్యలేదు, ఏదో మిగిలిపోయింది.

నెల్స్‌ని మీరు పిలిచారా అని నేనడగడం లేదు. వాణ్ణడిగితే "ఏదో పిలిచార్లే" అని గొడ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. వాడికి తాడు లేకపోతే లేదు. మెడ ఉంది, అది చాలు. కాకపోతే గ్రాడ్యుయేషన్ మర్నాడు అందరిలాగే మేమూ గ్యారేజీ కడిగి, ఊరందర్నీ పిలిచి, హామ్ బన్నులు పెడతాం. లవాన్ కూడా సరిగ్గా అదే రోజు, అదే వేళకి విందు పెట్టింది. ఆవిడ గ్యారేజీ మా ఎదురుగానే. బ్రిట్టా ఫోటోల పక్కన ఆ నాలుగు తాళ్ళూ మేకులకి వేలాడదీస్తుందట. వచ్చినవాళ్ళు అవి చూసి, రోడ్డు దాటి మా ఇంటికొచ్చి, నెల్స్ మెడ చూసి, "వాతావరణం బావుంది కదూ" అంటారు. మా ఊళ్ళో అంతకంటే ఘోరమైన మాట లేదు.

మీరేం చెయ్యకండి. నా మాట విని ఊరుకోండి.

ఇట్లు,
అర్డిస్ క్వామ్

తా.క.: మా అత్తగారి కాలంనాటి పరదాలకి బంగారు రంగు కుచ్చుల తాడొకటుంది. అచ్చం అలాగే ఉంటుంది. ఊరికే చెబుతున్నాను.


ఏప్రిల్ 29

అర్డిస్ గారికి,

మీరు చెప్పినట్టే ఏమీ చెయ్యలేదు. హాట్‌డిష్ అద్భుతం. గిన్నె శుభ్రంగా కడిగి ఖాళీగా పంపుతున్నాను.

మీ అబ్బాయి సంగతి మీకు తెలుసనే అనుకున్నాను. నెల్స్‌కి బంగారు తాడూ తెల్లదీ రెండూ వచ్చాయి. మార్చిలోనే పిలిచి అడిగాను. "అబ్బే, వద్దులెండి, ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాడు. అలాగే రాసుకున్నాను. తర్వాత వేదిక మీద ప్రసంగానికి పిల్లలందరూ వాణ్ణే ఎన్నుకున్నారు. "నాకంటే బాగా మాట్లాడేవాళ్ళున్నారు" అన్నాడు. సరేనని రెండోస్థానంలో ఉన్న బ్రిట్టాని అడిగాను. నా మాట పూర్తికాకముందే "ఇస్తాను సార్" అంది. ఎంత వినయవంతుణ్ణి కన్నారండీ మీరు!

భవదీయుడు,
డొమినిక్ స్కాల్జో

తా.క.: పరదా తాడు నిషిద్ధం. ఊరికే చెబుతున్నాను.


మే 2

స్కాల్జో గారూ,

ఒక్కసారే అడిగారా? ఒకే ఒక్కసారి అడిగి ఊరుకున్నారా? ఎంత పని చేశారండీ!

మీకెవరూ చెప్పలేదా? హాగ్ లేక్‌లో ఏదైనా ఇస్తామంటే మొదటిసారి వద్దంటాం. అది వద్దనడం కాదు, పలకరింపు. రెండోసారి అడిగితే "మీకెందుకండీ శ్రమ" అంటాం. అది మర్యాద. మూడోసారి అడిగితే, "సరే, మరీ ఇబ్బంది కాకపోతే" అంటాం. అదీ అసలు జవాబు. మా ఆయన డ్వేన్ నన్ను పెళ్ళాడతానని మూడుసార్లు అడిగాడు. రెండోసారితో మానేసుంటే ఇవాళ నెల్సే లేడు.

ఇప్పుడర్థమైంది లవాన్ ఘనకార్యం. ఆవిడ నాలుగేళ్ళు షికాగోలో కాపురం చేసొచ్చింది. మీరు ఒక్కసారే అడిగే రకమని పసిగట్టి, "అడగ్గానే ఔననెయ్" అని కూతురికి నూరిపోసింది. పసిగడితే గట్టింది, నాకొక్క ముక్క చెప్పకూడదూ? సొంత తమ్ముడి పెళ్ళాన్ని! రాత్రి అన్నం సహించలేదండీ. ఎదురింటి గ్యారేజీలో మేకులు కొడుతున్న చప్పుడు వింటుంటే ఒక్కో దెబ్బా నా నెత్తిమీద పడుతున్నట్టుంది.

అయిందేదో అయింది. ఇక వదిలెయ్యండి.

ఇట్లు,
అర్డిస్ క్వామ్

తా.క.: ఈ "వదిలెయ్యండి" మొదటిది. లెక్కపెట్టుకోండి.

ఇంకో తా.క.: మా ఊళ్ళో గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే నాలుగు ఆపిల్ పళ్ళైనా వేస్తారు. నేనేమీ అనుకోలేదు.


మే 20

అర్డిస్ గారికి,

గిన్నె విషయంలో క్షమించండి. ఆపిల్ పళ్ళు పంపుతున్నాను, గిన్నె లేకుండా.

మీ ఉత్తరం అందగానే నెల్స్‌ని నడవలో ఆపి, "తాడు కావాలా? కావాలా? కావాలా?" అని మూడుసార్లు అడిగాను. ఊపిరి తిప్పుకోకుండా అడిగినట్టున్నాను, పిల్లాడు బెదిరి లెక్కల గదిలోకి దూరాడు. ఈలోగా గడువు దాటింది. ప్రిన్సిపాల్ని బతిమాలి పొడిగించాను.

అసలు విశేషం ఇది. మొన్న శుక్రవారం లవాన్ గారు నా గదికొచ్చారు. "పాపం మా అర్డిస్ బాధపడుతోందని విన్నాను. ఆ ప్రసంగమేదో నెల్స్‌కే ఇచ్చెయ్యండి, మా బ్రిట్టా ఏమీ అనుకోదు" అన్నారు. ఎంత పెద్ద మనసు! "చాలా థాంక్సండీ" అని అక్కడికక్కడే పేరు కొట్టేసి నెల్స్ పేరు రాశాను. ఆవిడ నోరు తెరిచి అలాగే కాసేపు నిలబడ్డారు, సంతోషంతోనే అనుకుంటా.

కాబట్టి ప్రసంగం, తాళ్ళు రెండూ నెల్స్‌వే. నెల్స్ బదులు మీరు ఔనన్నా చాలు.

భవదీయుడు,
డొమినిక్ స్కాల్జో


మే 22

స్కాల్జో గారికి,

ఔను.

ఇట్లు,
అర్డిస్ క్వామ్

తా.క.: ఈ ఒక్క మాట రాయడానికి పొద్దుట్నుంచీ కాగితాలు చింపుతూనే ఉన్నాను. చివరికి కళ్ళు మూసుకుని రాశాను.

ఇంకో తా.క.: లవాన్ నోరు ఎంతసేపు తెరిచి ఉందో వివరంగా రాయండి.


మే 30

అర్డిస్ గారికి,

ఈ ఉత్తరం నెల్స్ చేతికే ఇచ్చి పంపుతున్నాను. సాయంత్రం నాలుగింటికి రిహార్సల్. మాట్లాడేవాళ్ళు అందులో లేకపోతే రేపు వేదిక ఎక్కనివ్వరు. ఇందాక వాడే నా గదికొచ్చి, కుర్చీలో కూర్చుని, నిదానంగా, "సార్, నాకు వద్దు" అన్నాడు. నేను మళ్ళీ అడిగాను. ఆగి మళ్ళీ అడిగాను. ఇంకోసారి కూడా అడిగాను. ప్రతిసారీ వద్దనే అన్నాడు.

మూడుసార్లు దాటాక వద్దంటే మీ ఊళ్ళో దాన్నేమంటారు? నాకు తెలియదు. త్వరగా చెప్పండి.

డొమినిక్ స్కాల్జో


జూన్ 3

స్కాల్జో గారికి,

ఆ రోజు జవాబు పంపనందుకు ఏమీ అనుకోకండి. నెల్స్ మీ ఉత్తరం ఇచ్చి, నేను చదువుతున్నంతసేపూ ఎదురుగానే నిలబడ్డాడు. "మొహమాటం చాలించరా, నీ మనసులో ఉందని నాకు తెలుసు" అన్నాను.

"లేదమ్మా. నేను వద్దన్నది నిజంగా వద్దనే" అన్నాడు. "ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ నువ్వూ అత్తా మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి కొలుస్తూనే ఉన్నారు. ఎవరికి ముందు పళ్ళొచ్చాయి, ఎవరు పెద్ద చేప పట్టారు. ఇప్పుడు మెడలో తాళ్ళు. నాకు విసుగొచ్చిందమ్మా. మార్చిలో వద్దన్నాను, స్కాల్జో సార్ సరేనన్నాడు. ఈ ఊళ్ళో నా మాట నమ్మింది ఆయనొక్కడే. నువ్వు ఆయన్ని కూడా చెడగొట్టావు."

కన్నకొడుకు నన్ను కాదని మిమ్మల్ని మెచ్చుకున్నాడు. ఆ క్షణాన మీమీద కూడా ఒళ్ళు మండింది, దాచుకోను. కానీ ఏమనను? "సరే, వద్దులే" అన్నాను. ఒక్కసారే అన్నాను. వాడు గబగబా వెళ్ళి బ్రిట్టాని రిహార్సల్‌కి లాక్కెళ్ళాడు.

మర్నాడు గ్రాడ్యుయేషన్‌కి బడి జిమ్ హాల్లో లవాన్ నా పక్కనే కూర్చుంది. బ్రిట్టా నాలుగు తాళ్ళతో వేదికెక్కి, తడబడకుండా మాట్లాడింది. నెల్స్ బోసి మెడతో వెళ్ళి, ప్రిన్సిపాల్ చెయ్యి కలిపి, పట్టా తీసుకుని, నవ్వుతూ దిగాడు. ఇప్పుడంటుందిరా దేవుడా, వాతావరణం బావుందని, అని పళ్ళు బిగబట్టుకున్నాను.

"నెల్స్ నీ మొహం మీదే వద్దన్నాడటగా?" అంది లవాన్.

"ఔను వదినా."

"నా కూతురు నాకు ఎప్పుడూ వద్దని చెప్పలేదు అర్డిస్. ఇందాకటి ప్రసంగం నేను రాసిందే. ఆ తాళ్ళూ నేను కావాలన్నవే. ఏదన్నా సరేనంటుంది. దానికేం ఇష్టమో నాకివాళ్టికీ తెలియదు. నీ కొడుకైతే తనకేం కావాలో నీకు చెప్పుకున్నాడు. నీ అదృష్టం నాకు లేదు."

ఆవిడ మొహం చూశాను. అలాంటి మొహం నేను ప్రతి ఆదివారం చర్చి నుంచొచ్చాక అద్దంలో చూసుకుంటాను. లవాన్‌కి నన్ను చూసి ఎప్పుడు కుళ్ళు పుడుతుందా అని పెళ్ళయిన రోజు నుంచీ కాచుకున్నదాన్ని. తీరా పుడితే, ఏం చెయ్యాలో తోచక ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

ఇట్లు,
అర్డిస్ క్వామ్

తా.క.: మొన్న విందు రోజున కూతురితో రోడ్డు దాటి మా గ్యారేజీకొచ్చిన లవాన్, బ్రిట్టా పళ్ళెంలో ఇంకో హామ్ బన్ను వెయ్యబోతే, "వద్దమ్మా" అంది ఆ పిల్ల. అంతే, లవాన్ బన్ను చేత్తో పట్టుకుని గ్యారేజీ గ్యారేజీకీ తిరిగి, "మా అమ్మాయి నాకు వద్దని చెప్పింది!" అని చాటుతోంది. సాయంత్రానికి "రెండుసార్లు చెప్పింది" అంటోంది. నెల్స్ ఎన్నిసార్లు చెప్పాడో మీ దగ్గర లెక్క ఉండే ఉంటుంది. పంపనక్కర్లేదు.