వదిన కుడికాలి కొలత

వదినా,

పాలు కాచి మూత పెట్టాను. బల్ల మీద తెల్ల కాగితం, పెన్సిలు ఉన్నాయి. బడికి వెళ్లేముందు కుడికాలు దాని మీద పెట్టి నిలబడు. కూర్చుంటే కొలత తప్పుతుంది. అన్నయ్య నీ కాలి చుట్టూ గీత గీసి, ఆఫీసుకి వెళ్తూ మా బూట్ల దుకాణంలో ఇచ్చిపోవాలి. బొటనవేలిని బిగబట్టి తిన్నగా పెట్టకు. నీ సంగతి నాకు తెలుసు.

ఆపరేషన్ చేయించుకున్న ఆ బొటనవేలి పక్క బుడిపె మళ్లీ వస్తోందని కూడా తెలుసు. స్నానాల గది బయట ఆ పక్క ఉబ్బుతున్న నీ తడి అడుగుల గుర్తులు రెండు నెలలుగా చూస్తున్నాను. అప్పుడు ఇంటిల్లిపాదీ చాకిరీ చేశారని సిగ్గుపడి దాస్తున్నావు. నాకైనా చెప్పకూడదా?

నిన్న మా దుకాణం మేస్త్రికి చెప్పేశాను, కోప్పడకు. ఆపరేషన్ అయ్యాక బూట్లు కుట్టడానికి నీ కాలి చెక్క అచ్చును తిన్నగా చెక్కింది ఆయనే కదా. "కాలు మారితే అచ్చు మార్చాలి గానీ, కాలు దాచుకుంటారటమ్మా?" అని నవ్వారు. బుడిపె ఉన్నచోట అచ్చుకి తోలు ముక్క అంటించి పెంచాలట. ఆ పనీ, ఆ తర్వాత జత మొత్తం కుట్టడమూ నన్నే చెయ్యమన్నారు వదినా! ఏడాదిగా దారాలకు మైనం పూస్తున్న నన్ను! పొద్దున లేచిన దగ్గర్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు.

బూట్లతో నొప్పి తగ్గుతుందేమో గానీ బుడిపె పోదు. గురువారం డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్దాం.

బుడిపెను నొక్కే ఆ నల్ల బూట్ల కోసం ఇల్లంతా వెతక్కు. నా సంచిలో ఉన్నాయి. ఇవాళ్టికి నా చెప్పులు వేసుకెళ్లు.