నా పేరుతో నేనే

అట్-బాషి,
మే మొదటివారం

అమ్మా,

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని విసుక్కోకు. మామూలుగా రాస్తే నాకే కనిపించడం లేదు. ఈ మాట ఫోన్‌లో చెప్పబోయి ఎన్నోసార్లు నోరు నొక్కుకున్నాను. నాన్నకి వచ్చిన జబ్బే నాకూ వచ్చింది. ఎదురుగా ఉన్నది కాస్త తెలుస్తుంది, పక్కలన్నీ చీకటి. తలుపులకి భుజాలు కొట్టుకుంటుంటే అజారా, “చూసుకుని నడవలేవా అమ్మా?” అని కసురుతుంది. నవ్వి ఊరుకుంటున్నాను.

నాన్న చూపు పోతోందని నువ్వు ఎవరికీ తెలియనివ్వలేదు. లారీలో పక్కన కూర్చుని, కనుమ దారిలో ఒక్కో మలుపూ చెప్పేదానివి. చిన్నప్పుడు అది మీ ముచ్చట అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. అయినా నేను చేస్తున్నదీ అదే.

పశువుల డాక్టర్నే అయినా, మందని పరీక్షించడానికి నాకు కళ్ళతో అంత పనిలేదు. గొర్రె నోరు, గిట్టలు వేళ్ళకి తెలుస్తాయి. చిక్కల్లా కంప్యూటర్‌తోనే. ఏ మంద ఆరోగ్యంగా ఉందో నేను అందులో ఎక్కిస్తేనే తనిఖీ గేటు దగ్గర కొండ మేతకి వదులుతారు. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చానంటే, నా కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం ఉంది. పాస్‌వర్డులు అదే దాచిపెట్టుకుని, లాగిన్ పేజీ తెరవగానే గడులు అదే నింపుతుంది. తెర మీది మాటల్ని ఇంకొకటి చెవిలో చదువుతుంది. నేను తడుముకోవలసిన పని ఉండేది కాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మొన్న రాజధాని వాళ్ళు ఆ లాగిన్ పేజీని మార్చేశారు. గడులు నిండడం మానేశాయి. నేను తెరకి ముక్కు ఆనించి వెతుక్కుంటుంటే మా అధికారి తుర్దుబెక్ చూశాడు. అక్కని పిలిచినట్టు నన్ను ఎజే అంటాడు.

“ఎందుకు ఎజే ఈ తిప్పలు? నీ పాస్‌వర్డ్ నర్గీజాకి చెప్పెయ్. నువ్వు మందలు చూసిరా, ఆ పిల్ల ఎక్కిస్తుంది. మా అమ్మ అయితే నీ వయసుకి టీవీ రిమోట్ కూడా ముట్టేది కాదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, చెప్పేశాను. నువ్వు నాన్నకి మలుపులు చెప్పినట్టు, నాకు మా ఆఫీసు గుమస్తా పిల్ల నర్గీజా ఉంటుందిలే అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. నువ్వూ చెప్పకు.

నీ జానిల్


అట్-బాషి,
మే నెల మధ్యలో

అమ్మా,

నీ జవాబు అందింది. “గుట్టుగా ఉండు, బతుకు గడుస్తుంది” అని రాశావు. అలాగే ఉండేదాన్నే. కానీ ఆదివారం పశువుల సంతలో జపార్ ఎదురై నా రెండు చేతులూ పట్టుకున్నాడు. తుర్దుబెక్‌కి బావమరిది అతను.

“నీ మేలు మరిచిపోను ఎజే. మంద మొహం చూడకుండానే కాగితం ఇచ్చేశావట. ఎల్లుండి కొండెక్కుతున్నాం.”

మర్నాడు ఆఫీసుకి వెళ్ళి అడిగితే నర్గీజా ఏడుపు మొహం పెట్టింది. “తుర్దుబెక్ అన్నయ్యే ఎక్కించమన్నారు. మీకు తెలుసన్నారు” అంది. నేను చూడని మంద, నా పేరుతో, ఆరోగ్యంగా ఉన్నట్టు కంప్యూటర్‌లో ఎక్కిపోయింది.

ముందు తనిఖీ గేటుకి ఫోన్ చేసి ఆ మందని వదలొద్దన్నాను. తర్వాత నర్గీజాని జీపు నడపమని జపార్ దొడ్డికి వెళ్ళాను. ఒక్కొక్క నోరూ తెరిచి వేలు పెట్టి తడిమాను. రెండు గొర్రెపిల్లలకి నాలుక కింద పుళ్ళు. అంటుకునే గాలికుంటు జబ్బే అనిపించింది. ఆ కొండమీద ఒకే వాగులో ఎన్ని మందలు నీళ్ళు తాగుతాయో నీకు తెలుసు. జపార్ టోపీ తీసి నేలమీద కూలబడ్డాడు. పాపం, అతనికీ తెలియదు.

ఇక మిగిలింది ఆ తప్పుడు నమోదు తీసెయ్యడం. “నేను తీసేస్తాను” అంది నర్గీజా. వద్దన్నాను. నా పేరుతో ఉన్నదాన్ని నేనే వెళ్ళి తీస్తాను, ఆపైన ఆ పాస్‌వర్డే మార్చేస్తాను అన్నాను.

కుర్చీ లాక్కుని మొదలుపెట్టాను. ప్రోగ్రాం ఎందుకు మొరాయిస్తోందో ముందు తెలుసుకోవాలి. అది పాత పేజీ చిరునామాని గుర్తుపెట్టుకుంది. కొత్త పేజీ చిరునామా వేరు. తెలియని గుమ్మంలో అది పాస్‌వర్డ్ బయటపెట్టదు. నిజానికి దాని తప్పేం లేదు, అలా ఉండడమే మంచిది. జిల్లా ఆఫీసుకి ఫోన్ చేసి కొత్త చిరునామా అసలుదేనా అని అక్షరం అక్షరం చదివించుకుని, అప్పుడు చేర్చాను. పేరు గడి నిండింది. పాస్‌వర్డ్ గడి నిండలేదు. అదేమో పేరు ఇచ్చాక తెరుచుకునే రెండో పేజీలో ఉంది. అక్కడికి వెళ్ళి ప్రోగ్రాంని మళ్ళీ నింపమన్నాను. అది నింపింది కానీ, ఆ పేజీ దాన్ని తుడిచేసింది. కాపీ చేసి అతికించినా తుడిచేసింది. తెర మీద అక్షరాల బొమ్మలు కలగాపులగంగా పరిచి, వాటిని ఏరి నొక్కితేనే ఒప్పుకుంటుందట. బొమ్మల్ని చెవిలో చదివేవాళ్ళు లేరు. నా వైపు ఉన్నవి సర్దుకున్నాను. ఇది మాత్రం వాళ్ళ వైపుదే.

రాజధానికి ఫోన్ చేశాను. వాళ్ళూ వీళ్ళూ అయ్యాక, ఆ పేజీ తయారుచేసిన ఎర్నిస్ అనే అతను దొరికాడు.

“అతికించనివ్వకపోవడం భద్రత కోసమండీ.”

“మీ భద్రత పుణ్యమా అని మా వాళ్ళ పాస్‌వర్డులు గోడమీద కాగితాల్లో ఉన్నాయి. నాదైతే ఇంకొకరి నోట్లో ఉంది. ఒకపని చెయ్యండి. కళ్ళు మూసుకుని మీ పేజీలోకి వెళ్ళండి. నేను లైన్‌లోనే ఉంటాను.”

కాసేపు మౌస్ చప్పుడు వినబడింది. నవ్వాడు. మళ్ళీ చప్పుడు. ఈసారి నవ్వలేదు. “కుదరట్లేదండీ. ఇంతకీ ఎందుకు చేయించారు?”

“నాకు చూపు పోతోంది బాబూ.”

అమ్మా, ఆ మాట మొదటిసారి పైకి అన్నది ముక్కూ మొహం తెలియని మనిషితో. నర్గీజా పక్కనే ఉంది. తుర్దుబెక్ గుమ్మంలో ఉన్నాడు. ఇద్దరూ విన్నారు. విననీ అనుకున్నాను.

జానిల్


అట్-బాషి,
జూన్

అమ్మా,

నా మీద కోపంతో ఉత్తరం రాయలేదని తెలుసు. అయినా జరిగింది నీకు చెప్పాలి.

ఎర్నిస్ ఆ బొమ్మల పలక తీయించాడు. ఇప్పుడు గడులు రెండూ నిండుతున్నాయి. తప్పుడు నమోదు నేనే తీశాను, పాస్‌వర్డ్ మార్చాను. పుళ్ళు గాలికుంటువేనని పరీక్షలో తేలింది. జపార్ మందని దొడ్లోనే కట్టడి చేశారు. మిగతా మందలు కొండకి చేరాయి.

నారిన్‌లోని పై ఆఫీసు నుంచి విచారణకి వచ్చినవాళ్ళ ముందు తుర్దుబెక్, “గుడ్డిదానితో పశువుల్ని చూపిస్తున్నామని రేపు నన్నంటారు” అన్నాడు.

“ఈ గుడ్డిదాని వేళ్ళకి దొరికిన పుళ్ళ జోలికి నువ్వు పోనే లేదుగా తుర్దుబెక్” అన్నాను.

పాస్‌వర్డ్ చేతులారా ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. నాకు మందలింపు కాగితం వచ్చింది. అతన్ని వేరే జిల్లాకి పంపారు. నా ఉద్యోగం ఉంది. ఇన్నాళ్ళూ నడిపిన జీపు తాళాలు మాత్రం నేనే తిరిగి ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే అజారాకి చెప్పాను. నాన్న సంగతి కూడా చెప్పాను. నీ అనుమతి అడగలేదు. అది నా భుజాల మీద కమిలిన మచ్చలు తడిమి చూసింది. తర్వాత, “ముందే చెప్తే నిన్ను అన్నిసార్లు కసిరేదాన్ని కాదుగా” అంది. ఇంకాసేపటికి, “నాకూ వస్తుందా?” అని అడిగింది.

తెలియదన్నాను. నాన్న నాకు చెప్పలేదు, నేను అడగలేదు. దీని విషయంలో అలా జరగకూడదు. వచ్చే వారం బిష్కెక్‌లో కళ్ళ డాక్టర్‌ని చూస్తున్నాం. నాన్నకి ఏ వయసులో, ముందు ఏ వైపు చూపు తగ్గిందో ఆయన అడుగుతారట. ఆ సంగతి తెలిసినదానివి లోకంలో నువ్వొక్కదానివే ఉన్నావు. తలాస్ నుంచి బస్సెక్కి బిష్కెక్ వచ్చెయ్. స్టేషన్‌లో నేనూ అజారా నిలబడి ఉంటాం. నేను నిన్ను గుర్తుపట్టలేకపోతే నువ్వే పిలువు, గట్టిగా పిలువు. చుట్టూ ఎవరు విన్నా ఫరవాలేదు.

నీ కూతురు
జానిల్